పోగు నిలవని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బాగానే ఉంది. కట్టించిన ఇంటికి ఒక ఏడాది ఆగి, మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు మళ్ళీ పోయి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అది నేను చెబుతున్నాను.

నేను సివిల్ ఇంజనీరుని. పుట్టింది కోయిలకుంట్లలో. పనిచేసిందంతా కర్నూలు, కడప జిల్లాల్లో, ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళ పనుల్లో. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. "మేడమ్, వాతావరణం మారిపోతోంది కదా, ఎండకీ వరదకీ తట్టుకునే కాలనీలు ఎలా కట్టాలో నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. నాలుగు ముక్కల్లో చెప్పగలిగేదైతే నాకు ముప్పై ఏళ్ళు ఎందుకు పట్టింది నాయనా అంటాను. నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు రాయను. వాటి మీద మా ఆయనకే ఆసక్తి లేదు, మీకేం ఉంటుంది? నేను నేర్చుకున్న రెండు మూడు సంగతులు, చేసిన ఒక పెద్ద తప్పు రాస్తాను. ఆ తప్పు మామూలుది కాదు. దానివల్ల ముప్పై కుటుంబాలు వరద నీళ్ళలో కొట్టుకుపోవాల్సింది.

విదిలించిన థర్మామీటరు

నా మొదటి పోస్టింగు బేతంచెర్ల. ఊరంతా బండల పాలిషు ధూళి, లారీల మోత. అక్కడ నాకు పని నేర్పినవాడు ఖాజా మేస్త్రీ. మీసాలు నెరిసిన మనిషి. చదువు నాలుగో తరగతి. గోడ మీద అరచెయ్యి పెట్టి, అది ఏ పూట కట్టిందో చెప్పేవాడు.

ఆ ఏడు ఎండాకాలం, మేము కట్టించిన కొత్త స్లాబు ఇళ్ళ ముందు ఆడవాళ్ళు చెట్టు నీడ వెతుక్కుంటూ కూర్చోవడం చూశాను. ఇల్లు ఇచ్చింది ఎండ నుంచి కాపాడటానికి, వీళ్ళేమో బయట కూర్చున్నారేమిటి అని నాకు ఆశ్చర్యం. కర్నూలులో ఒక థర్మామీటరు కొన్నాను. స్లాబు ఇంట్లో గోడకు తగిలించి చూశాను. ఎదురుగా ఖాజా వాళ్ళ పాత మట్టి మిద్దె ఉంటే అందులోనూ పెట్టి చూశాను. ఆ తేడా నమ్మలేక, పరికరం చెడిపోయిందేమో అని రెండు సార్లు విదిలించాను.

ఖాజా నవ్వాడు. "అరె మేడమ్, దాన్ని కొడితే ఏమొస్తాది? పైకి చూడు జరా."

పైన మిద్దెకు మూరెడు చిల్లు ఉంది. గవాచి అంటారు. వాన వస్తే దానిమీద బండ మూస్తారు.

"వేడి పైకి పోతాది గదా మేడమ్. పైకి పోయేదానికి దారి ఇయ్యాల. మీ స్లాబులో అది యాడికి పోవాల? మనిషి నెత్తిమీదనే కూసుంటాది."

బండల మీద కంప, కంప మీద మట్టి, దాని మీద నీళ్ళు దిగనివ్వని చౌడు. అన్నిటి మధ్యా ఆ చిన్న చిల్లు. నేను కాలేజీలో చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఇదే చెప్పాయి. కానీ నాకు అర్థమైంది ఆ మిద్దె కింద.

అట్లాగని మట్టి మిద్దెలు స్వర్గం అని చెప్పే పట్నం మేధావులతో నాకు పడదు. ఏటా చౌడు మార్చాలి. తేళ్ళు రాలతాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే కప్పు కూలి మనుషులు పోయిన ఇళ్ళు నేను చూశాను. పాతదాన్ని నెత్తిన పెట్టుకోమని కాదు నేను అనేది. అందులో ఏ ముక్క ఏ పని చేస్తోందో అడిగి తెలుసుకోమంటున్నాను.

మా పెద్దసారు

తర్వాత కడప వైపు వచ్చాక నా పైన ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయన దొంగ కాదు. దొంగైతే పని సులువు, ఎక్కడ లొంగుతాడో తెలుస్తుంది. ఈయన నిజాయితీపరుడైన మొండివాడు. అలాంటివాళ్ళతో వేగడానికి దేవుడు దిగిరావాలి.

"డ్రాయింగు ఒకటే. ఊరి పేరు మారుతుంది, అంతే" అనేవారు. గొర్రెలకాపరి అయినా, నేతగాడు అయినా, బండల కార్మికుడు అయినా అదే గది, అదే కిటికీ. ఇంట్లో ఉండేవాళ్ళు ఏం పని చేసుకు బతుకుతారు అన్నది ఆయన లెక్కలో ఇంజనీరింగు కాదు.

కానీ ఒక మంచి గుణం ఉండేది. ఏ స్లాబునీ కాగితం చూసి పాసు చేసేవారు కాదు. తానే పైకెక్కి బిందెలతో నీళ్ళు పోయించి, కిందికి దిగి, తల పైకెత్తి గంటసేపు చూసేవారు. చుక్క కారిందా, కాంట్రాక్టరు ఎంతటివాడైనా సరే పగలగొట్టించేవారు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఆ గంట నాకు నచ్చేది.

ముప్పై ఇళ్ళు

కడప జిల్లాలో ఒక నేత ఊరు. పేరు రాయను, వాళ్ళు ఇప్పటికీ నన్ను పండక్కి పిలుస్తారు. ఊరి చివర వాగు, అక్కడ వంక అంటారు. దాని గట్టున ముప్పై నేత కుటుంబాలు కొట్టాలు, అంటే పూరిగుడిసెలు, వేసుకుని ఉండేవి. ఏడాదిలో పది నెలలు ఆ వంకలో మేకలు మేస్తాయి. తుపాను వానలు పడ్డాయంటే మాత్రం అది వంక కాదు, యముడు. అంతకుముందు రెండేళ్ళలో రెండుసార్లు గట్టు తెగి పొంగింది. వాళ్ళని అక్కడి నుంచి మిట్ట మీదికి మార్చాలని, కాలనీ కట్టే పని నాకు అప్పగించారు.

ఈసారి బాగా కడదాం అనుకున్నాను. పెద్దసారు డ్రాయింగుతో పోట్లాడి, తూర్పున ఒక కిటికీ, పడమర ఒక కిటికీ పెట్టించాను. గాలి ఇటు నుంచి అటు దూసుకుపోవాలని. కప్పు మీద తెల్లసున్నం కొట్టించాను. పునాది మూడడుగులు లేపి లోపల గరుసు, అంటే నీళ్ళు నిలవని గులకమట్టి, నింపించాను. మగ్గం గుంతలు కూడా తవ్వించాను. నేతగాడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి తొక్కుతాడు కదా, ఆ సంగతి నేను మరచిపోలేదండోయ్. వీధి మధ్యలో వరసగా కానుగ మొక్కలు నాటించాను. పచ్చటి కాలనీ కదా మరి.

జనాన్ని అడగలేదా అంటారేమో. అడిగాం. షామియానా వేసి, మైకు పెట్టి, సభ చేసి అడిగాం. "మీకు ఇంకేమన్నా కావాలా?" అంటే అందరూ "బాగుండాది మేడమ్" అన్నారు. మైకులో అడిగితే మైకుకి తగ్గ జవాబే వస్తుంది. ఇది నాకు అప్పటికి తెలియదు.

చలికాలంలో ఇళ్ళు ఇచ్చేశాం. మే నెలలో వెళ్ళి చూశాను.

సగం ఇళ్ళకు తాళాలు. తాళం లేనివీ ఖాళీయే, వాటిలో నా కిటికీలన్నిటికీ గోనెసంచులు కుక్కి ఉన్నాయి. గాలి ఆడాలని నేను పెద్దసారుతో నెలరోజులు పోట్లాడి పెట్టించిన కిటికీలు! వీధిలో ఒక్క కానుగ మొక్క లేదు. ఎండి చావలేదు, పీకేశారు. గుంటలు కూడా చదును చేసి ఉన్నాయి. జనం ఎక్కడ అని అడిగితే దారిన పోతున్న ఒక ముసలాయన వంక వైపు చెయ్యి చూపించాడు. అందరూ మళ్ళీ గట్టుకే పోయారు.

నా ఒళ్ళు మండిపోయింది. కుక్కని సింహాసనం మీద కూర్చోబెడితే అన్న సామెత నా నోటిదాకా వచ్చింది. ఆ మాట మనసులో అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పెద్దసారుకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇల్లు వద్దన్నవాళ్ళకి రద్దు చేస్తామని నోటీసివ్వండి. తీసుకునేవాళ్ళు వందమంది ఉన్నారు" అన్నారు. ఆయన అన్నది నాకూ సబబుగానే తోచింది. ముప్పై నోటీసులు టైపు చేయించి, ముప్పైటి మీదా నేనే సంతకం పెట్టాను.

దాహం

నోటీసులు ఇవ్వడానికి వంక గట్టుకు నేనే వెళ్ళాను. మొదటి కొట్టం ఓబులమ్మది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. భర్తకు నడుము పడిపోయి చాలా ఏళ్ళు. ఆమె మగ్గమే ఆ ఇంటి బతుకు. నోటీసు వాకిట్లోనే ఇచ్చేసి, రెండో కొట్టానికి పోదామనుకున్నాను. కానీ ఎండ మాడు పగలగొడుతోంది. నాలుక పిడచ కట్టింది. "ఓబులమ్మా, కాసిని నీళ్ళియ్యి" అన్నాను.

"లోపలికి రామ్మా, ఎండలో నిలబడి తాగుతావా?" అంది.

వంగి లోపలికి వెళ్ళాను. నోటీసులున్న సంచి మగ్గం పక్కన పెట్టి నీళ్ళు తాగాను. తాగి, ఇంకా కోపం దిగక, "ఏం రోగం మీకు? మంచి ఇల్లు కట్టిచ్చినాం. గాలి రావాలని కిటికీలు పెడితే సంచులు కుక్కుతారా? మొక్కలు పీకుతారా? మళ్ళీ వచ్చి ఈ వంకలో పడినారు. వాన వస్తే ఏం చేస్తారు?" అని దులిపేశాను.

ఆమె నూలు చుట్టిన కండె నుంచి మూరెడేసి పోగులు రెండు తెంపింది. ఒక పోగు తీసుకుపోయి వాకిట్లో వడగాలికి కట్టింది. ఇంకోటి మగ్గం గుంతలో వేలాడదీసింది. "కూసో" అంది. ఎందుకో నాకు లేవబుద్ధి కాలేదు. ఆమె ఏం చేస్తోందో చూడాలనిపించింది.

కాసేపటికి వాకిట్లోది తెచ్చి నా చేతిలో పెట్టింది. "లాగు."

లాగానో లేదో, పుటుక్కున తెగింది.

గుంతలోది ఇచ్చింది. లాగాను. సాగింది కానీ తెగలేదు. ఇంకా గట్టిగా లాగితే నా వేలు కోసుకుంది.

"నువ్వు కట్టిచ్చిన ఇంట్లో యాడ కూసున్యా వాకిట్లో కూసున్నట్టే ఉంటాదమ్మా" అంది ఓబులమ్మ. "ఇటు గాలి, అటు గాలి. మనుషులకి బాగుండాది, కాదనను. పోగుకి బాగలేదు. తేమ లేకపోతే నూలు నిలబడదు. గుంత తవ్విస్తివి గానీ, అది గరుసు గుంత. బూడిద మాదిరి ఎండిపోయి ఉండాది. దినానికి ఒక మూర నేసేలోపల యాభైసార్లు అతుకుతాంటి. పోగులు అతికేదానికే పొద్దు పోతాంటే, నేసేదెప్పుడు, తినేదెప్పుడు?"

చెప్పులు విడిచి గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపల పెట్టాను. వంక గట్టు మట్టి, అడుగున చెమ్మ. బయట నిప్పులు కురుస్తుంటే మోకాళ్ళ కింద చల్లగా ఉంది. వీళ్ళు ఈ చావు గట్టు మీదే ఎందుకు కాపురాలు పెట్టారో నా అరికాళ్ళకు తెలిసింది.

"మరి మొక్కలు?"

"వీది నడీమధ్యన నాటితివి. పడుగు యాడ సాపాల?"

పడుగు అంటే నిలువు పోగులు. తెల్లవారకముందే వీధి పొడుగునా వాటిని సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. ఒక్కో పడుగు పది ఇళ్ళ పొడవు ఉంటుంది. వాళ్ళకి అది వీధి కాదు, కార్ఖానా. నేను కార్ఖానా మధ్యలో చెట్లు నాటి, పీకేశారని ఏడ్చాను.

"చెట్లు మాకూ కావాల్నమ్మా. గంజి పెట్టిన పడుగుకి నీడ శానా మంచిది. రెండు పక్కలా నాటింటే మేమే నీళ్లు పోసేవాళ్ళం."

వడగాలికి గాలి ఆడే ఇల్లు మంచిదని పుస్తకం చెప్పింది. వరదకి ఎత్తు పునాది మంచిదని చెప్పింది. వీధికి చెట్లు మంచివని చెప్పింది. విడివిడిగా మూడూ నిజమే. ఈ ఊళ్ళో మూడూ కలిసి ముప్పై కుటుంబాలను మళ్ళీ వంకలోకి తోశాయి. నేను సంచి తీసుకుని, ఏమీ ఇవ్వకుండా వెనక్కి వచ్చేశాను.

ముగ్గుపిండి గీతలు

ఆఫీసులో పెద్దసారు "నోటీసులు ఇచ్చారా?" అన్నారు.

"ఇవ్వలేదు సార్. తప్పు మనది."

"మనది అనకండి. మీది" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. ఒక్క ఇల్లు మాత్రం మార్చి చూపించమన్నారు. అది కుదరకపోతే ఆ ముప్పై నోటీసులూ పోస్టులో పంపేస్తామన్నారు. కార్తీకం వానలకు ఇంకా నాలుగైదు నెలలే ఉన్నాయి.

బేతంచెర్ల నుంచి ఖాజా మేస్త్రీని పిలిపించాను. అప్పటికి ఆయన పని మానేశాడు. "మేడమ్ పిలిస్తే రానా?" అని పలుగు పట్టుకుని వచ్చాడు. ఓబులమ్మకు కేటాయించిన ఇంట్లోనే ముగ్గురం కింద కూర్చున్నాం. ఆమె ముగ్గుపిండి తెచ్చింది. నేను నేల మీద గీస్తాను, ఆమె చెరిపేస్తుంది. ఖాజా చూసి మళ్ళీ గీస్తాడు. అదే మా డ్రాయింగు ఆఫీసు.

"గరుసు తీసి నల్లరేగడి పోద్దాం, తేమ పట్టుకుంటుంది" అన్నాను నేను, పెద్ద తెలివిగా.

"అయ్యయ్యో, రేగడి తడిస్తే ఉబ్బుతాది మేడమ్. గోడ చీల్చేస్తాది" అన్నాడు ఖాజా. ఎర్రమట్టి పోశాం. నేను ఉండబట్టలేక దాని అడుగున ఇసుక పరిపించి బాగా తడిపించాను. ఓబులమ్మ పక్కింటివాళ్ళ మగ్గం, ఒక చిన్న పడుగు తెచ్చి బిగించింది. వారం తిరగకుండా గంజికి బూజు పట్టింది. మగ్గం కొయ్యలు ఉబ్బి బిగుసుకుపోయాయి.

"తేమ అంటే తడి కాదు తల్లీ" అని ఓబులమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎక్కువైనా చెడుపే."

ఎంత తేమ కావాలి అని నేను కొలతల్లో అడుగుతాను. "ఇంత" అని వేళ్ళు నలుపుతుంది ఆమె. నాకు ఆ వేళ్ళ భాష రాదు. చివరికి దారి చూపించింది ఆమే. పాత కుండలు రెండు గుంత పక్కన మట్టిలో పూడ్చి, నీళ్ళు పోసి మూత పెట్టింది. కుండ ఎంత చెమరిస్తే మట్టికి అంతే. రోజుకొక చెంబు నీళ్ళు. నేను మూడు రోజులు ఆ కుండల చుట్టూ చిన్నపిల్లలా తిరిగాను. మట్టి తాకి చూడటం, పోగు లాగి చూడటం. నా వయసు మరచిపోయాను.

కిటికీల కింది సగం నాపబండతో మూశాం. పైన సన్నటి సందు వదిలాం. స్లాబుకు గవాచి పెడదామన్నాడు ఖాజా. వేడి పోతుంది, మగ్గం మీద వెలుతురు పడుతుంది. పెద్దసారుకు చెబితే కుర్చీలోంచి లేచారు. "స్లాబుకు చిల్లు పెడతారా? మతుండే మాట్లాడుతున్నారా?"

"చిల్లు పెట్టాక మీరే వచ్చి నీళ్ళు పోసి చూడండి సార్" అన్నాను. ఆయన్ని ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు.

వచ్చారు. పైకెక్కి, గవాచి మీద బండ మూయించి, ఆరు బిందెలు పోయించారు. దిగి, గవాచి కింద తల పైకెత్తి నిలబడ్డారు. చుక్క పడలేదు. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టి, మెల్లగా గుంత అంచున కూర్చుని, ప్యాంటు మడిచి కాళ్ళు లోపల పెట్టారు. "అబ్బా, చల్లగా ఉందే" అన్నారు. కాసేపటికి చూస్తే గోడకు ఆనుకుని గురక పెడుతున్నారు. ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది.

లేచాక ఆయన ముఖం కడుక్కుని, ముప్పై ఇళ్ళకూ మరమ్మతు కింద అనుమతి రాశారు. ఆయన్ని ఎంత విమర్శించినా ఈ మాట మాత్రం రాయాలి. తన డ్రాయింగు తప్పని ఒప్పుకున్న పై అధికారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇళ్ళు మారుస్తూ పోయాం. ప్రతి ఇంటి గుంతనూ ఆ ఇంటివాళ్ళే కొలిచారు, ఎవరి కాళ్ళ పొడుగు వాళ్ళది. వీధి రెండు పక్కలా కానుగలు, వేపలు నాటారు. స్నానాల నీళ్ళు వాటి మొదళ్ళకు పారేలా కాలువలు తీశారు. చెట్లు ఎదిగేదాకా పడమటి పంచలకు బీరపాదులు పాకించారు. ఈసారి ఒక్క మొక్కను కూడా ఎవరూ పీకలేదు.

కదలని మగ్గం

కార్తీకం వచ్చేసరికి ఇరవై తొమ్మిది కుటుంబాలు మిట్ట మీదికి చేరాయి. మిగిలింది ఒక్క ఓబులమ్మ.

కారణం వింటే మీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. పడుగు ఒకసారి మగ్గం మీదికి ఎక్కిందంటే, దాని మీద చీరలన్నీ దిగేదాకా మగ్గం కదపరు. కదిపితే వేల పోగుల బిగువు చెడుతుంది. అది వాళ్ళ ఆచారం కూడా. సగం నేసిన పడుగు దింపడం అంటే బతికున్న మనిషిని పోయాడని మంచం మీంచి కిందికి దింపినట్టు అంటారు. అన్ని రోజులూ నా ప్రయోగాల కోసం పక్కవాళ్ళ మగ్గం మీద కూర్చున్న మనిషి, తన పడుగు ఆలస్యంగా ఎక్కించింది. మాకు సాయం చేసినందుకే ఆమె వెనకబడింది.

తుపాను అని రేడియోలో చెబుతున్నారు. ముసురు మొదలైంది. నేను రోజూ గట్టుకు పోయి బతిమాలాను. "ఓబులమ్మక్కా, నీకు దండం పెడతా. పడుగు పోతే పోనీ, ప్రాణం కంటే ఎక్కువా?"

"నాలుగు చీరలుండాయమ్మా" అంటుంది. మర్నాడు "మూడు." ఆ మర్నాడు "రెండు." చూపు మగ్గం మీంచి తిప్పదు. మంచం మీద ఆమె భర్త కప్పు వంక చూస్తూ పడుకుని ఉండేవాడు. వంకలో నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను ఇళ్ళు మొదటే సరిగా కట్టించి ఉంటే ఈమెకు ఈ తొందర ఉండేదా?

ఐదో రోజు పొద్దున పోయేసరికి ఆఖరి చీర కోస్తోంది. "ఇంగ పట్టుకోండప్పా" అంది మగవాళ్ళతో. కాలనీలో వాళ్ళందరూ వచ్చారు. ఖాజా కూడా పంచె ఎగగట్టి బురదలో దిగాడు. మంచంతో సహా ఆమె భర్తను ఎత్తుకున్నారు. మగ్గం విప్పి ట్రాక్టరు మీద వేశారు. వానలోనే మిట్ట ఎక్కించారు.

మర్నాడు మధ్యాహ్నం వంక తెగింది.

గట్టు మీద

నీళ్ళు తీశాక పొద్దున్నే ఓబులమ్మా నేనూ గట్టుకు వెళ్ళాం. కొట్టాలు ఒక్కటీ లేవు. ఆమె కొట్టం ఉన్నచోట నడుములోతు ఒండ్రు. గుంత ఎక్కడుందో ఆమె కాలితో వెతికింది, దొరకలేదు. ఒక చచ్చిన మేక తుమ్మ కొమ్మకు తగులుకుని ఉంది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న మాట ఇంక ఆగలేదు.

"అక్కా, ఆ పొద్దు నేను నీళ్ళడిగిన దినం, నా సంచిలో మీ ఇళ్ళు రద్దు చేసే నోటీసులు ఉండాయి. అన్నిటి మీదా సంతకం పెట్టుకుని వచ్చినా. దాహం కాకపోయింటే వాకిట్లోనే ఇచ్చి పోయేదాన్ని."

ఓబులమ్మ ఒండ్రు అంటిన కాలు పైకి తీసి, నిదానంగా గడ్డికి తుడుచుకుంది.

"తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?"

"సంచి మగ్గం పక్కన పెడితివి గదా. నోటీసుల కట్ట పైకే ఉన్నింది, మీదున్న కాగితం నాదే. నాకు చదువు రాదు గానీ నా పేరు గుర్తుపడతా. ఎర్ర స్టాంపు గూడా చూస్తి, మంచి కాగితం కాదని తెలిసిపాయ."

"మరి ఇదేంటని అడగలేదే అక్కా?"

"అడిగితే తీసి ఇచ్చేస్తావని శానా భయపడితి" అంది. "అందుకే పోగు చేతికిస్తి."